ప్రదర్శనశాలలో పెద్దల మాట: మెకంజీ కైఫియత్తుల నుంచి మన ఇళ్ల దాకా

మద్రాసు చూసి వచ్చిన తెలుగువారు ఊళ్లో చెప్పుకొనే వింతలలో వెనుకటి రోజుల్లో రెండు కాలేజీలు తప్పక ఉండేవి. ఒకటి బతికిన కాలేజీ, రెండోది చచ్చిన కాలేజీ. మొదటిది సెంట్రల్ స్టేషను దగ్గర పీపుల్స్ పార్కులో ఉండిన జంతుప్రదర్శనశాల. రెండోది ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం. తమిళులు కూడా వీటిని ‘ఉయిర్ కాలేజీ’, ‘సెత్త కాలేజీ’ అనే పిలిచేవారు.

పాఠం చెప్పని ఈ రెండు చోట్లకూ కాలేజీ అనే పేరు ఎందుకు వచ్చిందని విద్యార్థులు మమ్మల్ని అడుగుతుంటారు. మద్రాసు మ్యూజియం 1851లో మొదలైంది నుంగంబాకంలోని సెయింట్ జార్జి కోట కళాశాల భవనంలో. కంపెనీ కొలువుకు వచ్చిన దొరలకు తెలుగు, తమిళం మొదలైన భాషలు నేర్పిన కళాశాల అది. తొలి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫోర్. 1854లో మ్యూజియం ఎగ్మూరులోని పాంథియన్ భవనానికి మారింది. 1855లో అదే ఆవరణలో జంతువులను కూడా ఉంచారు. అవి 1863లో పీపుల్స్ పార్కుకు, 1985లో వండలూరుకు వెళ్లాయి. మ్యూజియం పుట్టిన చోటి పేరు జనం నోట ఇలా నిలిచిందని అనుకోవడానికి వీలుంది. ఏ పలకమీదా చెక్కని ఈ పేరు, కేవలం నోటిమాటగా తరాలు దాటి వచ్చింది.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచింది ఈ నోటిమాట గురించే. ప్రదర్శనశాలలో ఒక వస్తువును చూస్తున్నవారికి దానితో సంబంధం ఎలా కలుగుతుంది? అద్దం వెనుక ఉన్నదానికీ మనకూ మధ్య ఒక మనిషి జ్ఞాపకం నిలబడితే ఏమవుతుంది? ఇది కొత్త ప్రశ్న అని చాలామంది అనుకుంటారు. తెలుగువారి విషయంలో ఇది రెండు వందల ఏళ్లు దాటిన ప్రశ్న అని మా అభిప్రాయం.

ఏనుగు ముందు ఒక అవ్వ

కొన్నేళ్ల క్రితం మా విద్యార్థులను ఎగ్మూరు మ్యూజియానికి తీసుకుపోయాము. హోసూరు, కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు ఇళ్ల పిల్లలు వారు. ఒక విద్యార్థిని తన అవ్వను కూడా వెంటబెట్టుకొని వచ్చింది. అమరావతి శిల్పాల గదిలో మేము శాతవాహనుల కాలం గురించీ, పాలనాటి సున్నపురాయి గురించీ చెబుతున్నాము. పిల్లలు మర్యాదకు వింటున్నారు. ఇద్దరు ముగ్గురు గోడ గడియారం వైపు చూస్తున్నారు.

ఆ గదిలో గుండ్రని ఫలకం ఒకటుంది. నలగిరి అనే ఏనుగును బుద్ధుడు లొంగదీసిన కథ అందులో ఉంది. ఒక పక్క మదించిన ఏనుగు వీధిన పడి మనుషులను తొండంతో విసిరికొడుతుంది. జనం బెదిరిపోయి ఒకరి మీద ఒకరు పడుతున్నారు. మరోపక్క అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంది. పైన మేడ కిటికీలలోనుంచి కొందరు తొంగి చూస్తున్నారు. అవ్వ దాని ముందు ఆగిపోయింది.

“మా ఊరి గుడి ఏనుగు ఇట్లే తప్పించుకొనింది. మావటివాణ్ణి ఎత్తి పారేసింది. మేమంతా మిద్దెలెక్కితిమి. మా నాయన నా రెట్ట పట్టుకొని కిందికి చూడొద్దంటా ఉన్నాడు, నేను చూస్తానే ఉన్నాను. ఇదిగో, ఈ కిటికీలో ఉండే బిడ్డ నేనే అనుకో” అంది.

అప్పటిదాకా గడియారం చూస్తున్నవారు కూడా ఆ కిటికీ వైపు చూశారు. “అవ్వా, మరి ఏనుగు రెండుసార్లు ఎందుకుంది?” అని ఒక అబ్బాయి అడిగాడు. మేము అరగంట నుంచి చెప్పాలని చూస్తున్న విషయం అదే. ఒకే ఫలకంలో ఒకే పాత్రను రెండు చోట్ల చూపి కథను నడిపించడం అమరావతి శిల్పుల పద్ధతి. ఆ ప్రశ్న వెంట రాజగృహం, దేవదత్తుడి కుట్ర, ఏనుగుకు మద్యం పోసి వీధిలోకి వదలడం, అన్నీ వచ్చాయి. పిల్లలు అడిగి చెప్పించుకొన్నారు.

అవ్వకు జాతకకథలు తెలియవు, బౌద్ధం తెలియదు. ఆమె చెప్పినది శిల్పానికి వివరణ కాదు. కాని ఆ భయం ఎలాంటిదో ఆమెకు తెలుసు. ఆ ఎరుక వల్ల రాతిలో ఉన్నవారు మనుషులయ్యారు. వారు మనుషులైన తరువాతనే వారి కథ ఏమిటన్న ప్రశ్న పుట్టింది. ప్రదర్శనశాలలో స్వీయజ్ఞాపకం చేసే పని ఇదేనని మేము భావిస్తున్నాము. చరిత్ర చెప్పే పని చరిత్రదే. చూసేవారిని ఆ వస్తువు ముందు నిలబెట్టి ప్రశ్న అడిగించే పని జ్ఞాపకానిది.

రాయి, మాట కలిసి ఉన్న రోజులు

ఇప్పుడు అసలు చరిత్రకు వద్దాం. అమరావతి రాళ్లను మొదట పట్టించుకొన్న దొర కాలిన్ మెకంజీ. స్కాట్లండుకు చెందిన లూయిస్ ద్వీపంలో పుట్టి 1783లో మద్రాసుకు వచ్చాడు. 1797లో అమరావతికి పోయాడు. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు చింతపల్లి నుంచి రాజధానిని అమరావతికి మార్చి పట్టణం కట్టిస్తున్న రోజులవి. ఆ పనులకు రాళ్ల కోసం దిబ్బను తవ్వుతుంటే చెక్కడాలు బయటపడ్డాయి. ఊరివారు ఆ దిబ్బను దీపాలదిన్నె అనేవారు. మెకంజీ 1816లో మళ్లీ వచ్చి తన మనుషుల చేత శిల్పాలకు చిత్రాలు గీయించాడు.

ఈ మెకంజీకి కుడిభుజంగా నిలిచినవారు ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. వారిలో ఒకడు బొర్రయ్య. 1803లో, ముప్పయ్యేళ్లయినా నిండకుండా చనిపోయాడు. తరువాత తమ్ముడు లక్ష్మయ్య ఆ భారం మోశాడు. మరో తమ్ముడు రామస్వామి దక్కను కవుల చరిత్రలను ఇంగ్లీషులో రాసి 1829లో అచ్చు వేయించాడు. సర్వే బృందంతో పాటు వీరి కింద పనిచేసినవారు ఊరూరా తిరిగారు. మైసూరు సీమలో, తమిళ జిల్లాలలో, తెలుగు జిల్లాలలో కరణాలను, అర్చకులను, పెద్దలను కలిసి, వారి దగ్గర ఉన్న కవిలెకట్టలు చూసి, వారు చెప్పినది రాసుకొన్నారు. ఊరికి పేరెలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎప్పుడు తెగింది, ఏ దండు వచ్చి ఏమి కొల్లగొట్టింది, పన్ను ఎవరికి కట్టారు మొదలైన విషయాలన్నీ అందులో ఉన్నాయి. వీటినే మనం కైఫియత్తులు అంటున్నాం. వృత్తాంతం అని ఆ మాటకు అర్థం.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రాతికి చిత్రం గీయించిన సంస్థ, ఊరి పెద్ద మాటను రాయించిన సంస్థ ఒక్కటే. చెక్కడాన్ని కొలిచిన రోజుల్లోనే, ఆ చెక్కడం దొరికిన ఊళ్లవారిని కూర్చోబెట్టి అడిగారు. వస్తువూ జ్ఞాపకమూ ఒకే చేతి మీదుగా సేకరణకు వచ్చాయి.

విడిపోయిన తీరు

1821లో మెకంజీ చనిపోయాడు. ఆయన సేకరణను కంపెనీ 10,000 పౌండ్లకు కొన్నది. హెచ్. హెచ్. విల్సన్ 1828లో దానికి పట్టిక ప్రకటించాడు. కొంతభాగం లండనుకు పోయింది. దక్షిణాది భాషల రాతప్రతులు మద్రాసుకు వచ్చాయి. లక్ష్మయ్య ఆ పని తాను కొనసాగిస్తానని ప్రభుత్వానికి విన్నవించుకొన్నాడు. 1836లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ అందుకు సమ్మతించలేదు. ఒక దేశీయుడికి అంత బాధ్యత అప్పగించదగదని వారు తలచారు. పని విలియం టేలర్ అనే ఫాదరీకి దక్కింది. ఆ మాటలు చెప్పినవారి ముఖాలు ఎరిగినవాడు, వారి చేత చెప్పించినవాడు పక్కకు జరిగాడు. చెదలు తినిపోతున్న ప్రతులకు సి. పి. బ్రౌన్ నకళ్లు రాయించకపోతే మనకు ఈనాడు ఇంత కూడా మిగిలేది కాదు.

రాళ్ల కథ వేరుగా నడిచింది. కొన్ని బందరుకు చేరి అక్కడి అంగడి చౌకులో అలంకారంగా నిలిచాయి. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించినవి మద్రాసుకు వచ్చి ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఉన్నాయి. వాటిలో 121 రాళ్లను 1859లో లండనుకు ఓడలో పంపారు. 1880 నుంచి అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1877లో రాబర్ట్ సూయెల్, తరువాత 1881-82లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన వాటిలో చాలా భాగం ఎగ్మూరుకు చేరాయి. బందరు రాళ్లు కూడా ఇక్కడికే వచ్చాయి. 1942లో సి. శివరామమూర్తి ఈ మద్రాసు శిల్పాల మీద రాసిన గ్రంథం నేటికీ ప్రామాణికమే.

ఫలితం ఏమిటంటే, రాళ్లు ఎగ్మూరు మ్యూజియంలోనూ, కైఫియత్తులు అదే నగరంలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనూ, మెకంజీ గీయించిన చిత్రాలు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలోనూ మిగిలాయి. రాయిని చూసేవాడు మాటను చదవడు. మాటను చదివేవాడు రాయిని చూడడు. చచ్చిన కాలేజీ అని జనం పెట్టిన పేరులో వెటకారం ఉన్నమాట నిజమే కాని, అందులో ఒక విమర్శ కూడా ఉందని మాకు తోస్తుంది. వస్తువు నుంచి మనిషి మాటను తీసివేస్తే మిగిలేది కళేబరమే కదా.

జ్ఞాపకాన్ని నమ్మవచ్చునా?

జ్ఞాపకం తప్పు చెప్పదా అని పాఠకులు అడగవచ్చు. చెబుతుంది. మా ఇంటి పెద్దావిడ ఒకరు చెప్పే కథ ఇలా ఉండేది: “ఎమ్డెన్ గుండ్లు పడ్డరోజు మేము చచ్చిన కాలేజీలో తిమింగిలం ఎముకలు చూస్తున్నాం. ధన్ ధన్ మని వినబడింది. జనమంతా పరుగు. ఆ సాయంత్రమే రైలెక్కి ఊరికి వెళ్లిపోయాం.” మేము చిన్నతనంలో దీన్ని అక్షరాలా నమ్మాము. తరువాత చదివితే తెలిసింది: జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులను తగలబెట్టింది 1914 సెప్టెంబరు 22 రాత్రి. ఆ వేళకు మ్యూజియంలో చూపరులు ఉండరు.

అంటే ఆవిడ అబద్ధమాడిందా? కాదు. మ్యూజియానికి పోయిన పగలు ఒకటి, గుండ్లు పడ్డ రాత్రి మరొకటి; రెండూ ఆవిడ మనసులో ఒక్క రోజైపోయాయి. కాని ఆ తరువాత నగరం నుంచి వేలమంది రైళ్లెక్కి వెళ్లిపోయిన మాట చరిత్రలో ఉన్నదే. ఆవిడ చెప్పిన వేళ తప్పు, భయం నిజం. చరిత్ర విద్యార్థి ఈ రెండింటినీ విడదీసి రాసుకోవాలి. ఒకటి తప్పని రెండోదాన్ని పారేయకూడదు.

పండితులు కూడా పొరబడతారు. అమరావతి శిల్పాలు జైనులవి కావచ్చునని మెకంజీ తలచాడు. అవి బౌద్ధస్తూపానికి చెందినవని తరువాతి పరిశోధకులు తేల్చారు. ఊరివారికి బుద్ధుడి పేరు గుర్తులేదు. కాని పక్కనే ఉన్న ధరణికోట పేరులో శాసనాలలోని ధాన్యకటకం దాగి ఉంది. పేరు ఎక్కడిదో చెప్పలేకపోయినా వారు దాన్ని వదిలిపెట్టలేదు. నోటిమాటకు ఇలాంటి బలం ఒకటుంది. తనకు అర్థం కానిదాన్ని కూడా అది మోసుకొస్తుంది.

ఇంకొక ప్రశ్న ఉంది. ఎవరి జ్ఞాపకం? ఎడ్గార్ థర్స్టన్ 1885 నుంచి 1908 వరకు మద్రాసు మ్యూజియానికి అధిపతి. మానవజాతి శాస్త్రానికి సంబంధించిన సేకరణ ఆయన కాలంలో బాగా పెరిగింది. అందులో గంజాం కొండల నుంచి, బల్లిగూడ ప్రాంతం నుంచి వచ్చిన మెరియా స్తంభం ఒకటుంది. కోదుల నరబలికి సంబంధించినది అది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు రాజధానిలోనే ఉండేది గనుక ఆ కొయ్య ఇక్కడికి వచ్చింది. దాన్ని గురించి అచ్చులో ఉన్నదానిలో ఎక్కువభాగం ఆ ఆచారాన్ని అణచిన అధికారులు రాసినదే. కొండల్లోని వారు దాన్ని ఎలా తలచుకొన్నారు, బలికి తేబడినవారి సంగతి ఎవరు చెప్పుకొన్నారు అన్నది చూపరికి తెలిసే వీలు తక్కువ. బరంపురం, పర్లాకిమిడి వైపు మా పాఠకులు దీన్ని ప్రత్యేకంగా ఆలోచించాలి. జ్ఞాపకం ఉన్నచోట వెలుగు పడుతుంది కాని, ఎవరి జ్ఞాపకం అందకుండా పోయిందో కూడా లెక్కలో ఉంచుకోవాలి.

ఇతర చోట్ల

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట ఉండేది. 1966లో దాన్ని తెల్లవారి ప్రాంతంగా ప్రకటించి సుమారు 60,000 మందిని వెళ్లగొట్టారు. 1994లో అక్కడ ఒక పాత చర్చిలో మ్యూజియం తెరిచారు. నేలమీద ఆ పేట పటం పరిచారు. తిరిగివచ్చిన వారు తమ ఇల్లు ఉన్న చోట తమ పేరు రాసుకొన్నారు. అక్కడ చూపరే సేకరణలో భాగమయ్యాడు. మన దేశంలో 2017లో అమృత్‌సర్‌లో ప్రారంభమైన విభజన మ్యూజియం కూడా ఈ దారినే పోయింది. శరణార్థులు వెంట తెచ్చుకొన్న వస్తువులూ, వారు చెప్పుకొన్న సంగతులూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి.

ఇవి గొప్ప విపత్తుల జ్ఞాపకాలు. మనవి అలాంటివి కావు. కాని నెమ్మదిగా జారిపోయే వాటికి కూడా ఇదే మందు అని మా నమ్మకం.

మన ఇళ్లలోని కైఫియత్తు

ఎగ్మూరు నుంచి తిరిగి వచ్చాక, ఇంట్లో ఉన్న పాత వస్తువు ఒకటి తెమ్మని విద్యార్థులకు చెప్పాము. ఒకరు ఇత్తడి కట్టు ఉన్న కొలపాత్ర తెచ్చారు. ఆ అబ్బాయికి దాని పేరు తమిళంలో ‘పడి’ అని మాత్రమే తెలుసు. ఇంటికి పోయి తాతగారిని అడిగి రమ్మన్నాము. తాతగారు దాన్ని మానిక అన్నారట. అంతటితో ఆగలేదు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అని గడగడ ఒప్పజెప్పారట. కళ్లంలో కూలి కొలిచేటప్పుడు తన తండ్రి చేయి వణికేదనీ, ఆ వణుకుకు నాలుగు గింజలు ఎక్కువ పడితే కూలివాళ్లు నవ్వుకొనేవారనీ చెప్పారట.

1956 నాటి చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చి ఈ పాత్రలు అటకెక్కాయి. ఏదైనా జిల్లా మ్యూజియంలో ఇలాంటి పాత్ర ఉంటే, ‘ధాన్యపు కొలత, ఇత్తడి, కొయ్య’ అని చీటీ ఉంటుంది. చీటీ తప్పు కాదు. కాని మానిక అనే మాట, కూలి కొలిచిన చేతి వణుకు ఆ చీటీలో పట్టవు. మనవడు తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చదువుకొంటాడు. తాత పోయిన రోజున పాత్ర మిగులుతుంది, పేరు పోతుంది. తెలుగుగడ్డ మీద ఒక ఇంట్లో మరిచిపోయిన మాట పక్కింట్లో దొరకవచ్చు. మన దగ్గర పక్కిల్లు తెలుగిల్లు కాకపోవచ్చు. ఇదే మన ఇబ్బంది. తొందరపడవలసిన కారణం కూడా ఇదే.

కాబట్టి విద్యార్థులకు మా మనవి ఇది. మీ దగ్గర ఉన్న మ్యూజియానికి ఒక పెద్దను వెంటబెట్టుకొని వెళ్లండి. ముందుగా మీరేమీ చెప్పకండి. వారు ఎక్కడ ఆగుతారో చూడండి. అక్కడ వారు చెప్పినది వారి యాసలోనే, వారి మాటలతోనే రాసుకోండి, పుస్తకభాషలోకి దిద్దకండి. చెప్పినవారి వయసు, పుట్టిన ఊరు, చెప్పిన తేదీ రాయండి. వారు కళ్లారా చూసినదీ, ఇతరులు చెప్పగా విన్నదీ వేరువేరుగా గుర్తించండి. తరువాత పుస్తకాలతో పోల్చి, తేడా వస్తే దాన్ని పక్కన రాయండి, అసలు మాటను కొట్టివేయకండి. నలుగురికీ చూపడానికి వారి అనుమతి తీసుకోండి. చదువురానివారైతే రాసినది వారికి చదివి వినిపించండి. ఒక ప్రతిని మ్యూజియం అధికారులకు ఇవ్వండి. వారు ఆ వస్తువు దస్త్రంలో చేర్చుకొంటే రేపటి చూపరికి ఉపయోగపడుతుంది.

కావలి లక్ష్మయ్య మనుషులు చేసినది ఇంతకంటే వేరు కాదు. వారికి జీతం ఉండేది, కరణాన్ని పిలిపించే అధికారం ఉండేది. మనకు అవి లేవు. కాని వారు అపరిచితుల అరుగుల మీద కూర్చుని అడగవలసి వచ్చింది. మనం అడగవలసినవారు మన ఇంటి అరుగుమీదే ఉన్నారు.

ఆనాడు వచ్చిన అవ్వ ఇప్పుడు లేరు. ఆమె చెప్పిన నాలుగు మాటలు ఆ మనవరాలి నోటుపుస్తకంలో ఉన్నాయి. తరువాతి ఏడాది విద్యార్థులతో వెళ్లినప్పుడు ఆ అమ్మాయే నలగిరి ఫలకం ముందు నిలబడి వాటిని చదివి వినిపించింది. కొత్తగా వచ్చినవారు కూడా ముందుగా ఆ కిటికీ ఎక్కడుందనే వెతికారు.